మండితేనే మందు పనిచేస్తున్నట్టా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 48. రోజూ 12 కిలోమీటర్లు స్కూటీ మీద బడికి వెళ్లివస్తారు. శ్రావణంలో కొడుకు పెళ్లి. సంక్రాంతికి ఇంటికొచ్చిన ఆడపడుచు "ఏంటి వదినా, ఒక్కసారిగా పెద్దదానివైపోయావు" అందట. ఆ మాట మనసులో పెట్టుకుని కూతురికి ఫోన్లో చెప్పారు. డాలస్‌లో ఉండే ఆ అమ్మాయి, ఇండియా వస్తున్న వాళ్లెవరి చేతో మూడు సీసాలు పంపింది. పొద్దున రాయడానికి విటమిన్ సి సీరం, దూదితో తుడుచుకునే గ్లైకాలిక్ యాసిడ్ టోనర్, రాత్రికి రెటినాల్. ఈవిడ మూడూ ఒకే రోజు మొదలుపెట్టారు. నాలుగో రోజుకి ముక్కు పక్కన పొట్టు లేచింది. మొహం కడుక్కుంటే చన్నీళ్లకి కూడా భగ్గుమంది. "అది మామూలేనమ్మా, పనిచేస్తోందని గుర్తు, కాస్త ఓర్చుకో" అంది కూతురు. ఇంకో వారం ఓర్చుకున్నారు.

ఇక తట్టుకోలేక ఆ సీసాలు పక్కన పెట్టి, ఇంటి దగ్గరి బ్యూటీ పార్లర్‌కి వెళ్తే వాళ్లో చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో మంట పోయింది. వారానికి మొహం నున్నగా, తెల్లగా అయింది. "ఏం రాస్తున్నారు టీచర్?" అని స్టాఫ్ రూములో అడగని వాళ్లు లేరట. తర్వాత ఊరెళ్తూ ట్యూబు ఇంట్లో మర్చిపోతే, మూడో రోజుకి మొహం కందగడ్డ. తిరిగొచ్చి రాయగానే చల్లబడింది. అలా మూడు నెలలయింది. ఇప్పుడు బుగ్గల మీద టీ రంగు మరకలు తేలుతున్నాయి. మూడు వారాలకోసారి జుట్టుకి రంగు వేస్తారు, వేసిన రెండు రోజులూ నుదుటి అంచున దురద. నెలసరి తప్పుతోంది, ఉన్నట్టుండి మొహానికి ఆవిర్లు వస్తున్నాయి. పార్లర్ వాళ్లు కెమికల్ పీల్ చేయించుకోమంటున్నారు. అత్తగారు బావంచాలు నూరి పాలతో రాయమంటున్నారు. భర్త "ఈ వయసులో నీకెందుకివన్నీ" అంటున్నారు. ఆమె అడిగేది మూడు మాటల్లో ఉంది: నాది సెన్సిటివ్ స్కిన్ కాబట్టి ఈ యాంటీ ఏజింగ్ అనేదే నాకు పడదా? పెళ్లి లోపు ఏం చేయగలను? అంత ప్రేమగా పంపిన పిల్లకి ఏమని చెప్పను?

మీ ఉత్తరం చివర, ట్యూబు మీదున్న పేర్లు కూడబలుక్కుని రాశారు చూడండి, నాలుగు పేజీల్లోనూ నాకు అన్నిటికన్నా పనికొచ్చిన పంక్తి అదే. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. ఈ మూడు పేర్లు విడివిడిగా చూస్తే మీకు జరిగినదంతా అర్థమవుతుంది.

మొమెటాసోన్ ఒక స్టెరాయిడ్. వాపుని అణచిపెడుతుంది, రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది. ఎర్రదనం పోతుంది, చర్మం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకున్న నిగారింపులో పెద్ద వాటా దీనిదే. హైడ్రోక్వినోన్ చర్మంలో రంగు తయారవడాన్ని తగ్గిస్తుంది. ఇక ట్రెటినాయిన్. మీ అమ్మాయి పంపిన రెటినాల్ చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారి చివరికి ఏ పదార్థమై పనిచేస్తుందో, ఆ పదార్థమే ఇది. అంటే, రెటినాల్ మానేశానని మీరనుకున్నారు గానీ దానికన్నా గట్టిదాన్నే మూడు నెలలుగా రాస్తున్నారు. మండకుండా స్టెరాయిడ్ దాని నోరు నొక్కి పట్టింది. ట్యూబు మర్చిపోయిన మూడు రోజుల్లో ఆ చెయ్యి తీసేసినట్టయింది.

ఈ మూడు మందుల కలయిక కొత్తదేం కాదు. అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్, విల్లిస్ అనే డాక్టర్లు 1975లో ఇలాంటి మిశ్రమం గురించి రాశారు. ఇప్పటికీ మంగు మచ్చలకి చర్మవైద్యులు దీన్ని కొన్ని వారాల పాటు, కనిపెట్టి చూస్తూ వాడిస్తారు. గొడవంతా మన దగ్గర ఇది ఫెయిర్‌నెస్ క్రీమ్ వేషంలో చేతులు మారడంతోనే. స్టెరాయిడ్ పూత మందుల్ని కేంద్రప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా పార్లర్లలో, మెడికల్ షాపుల్లో ఎంత తేలిగ్గా దొరుకుతుందో మీకే తెలిసింది. ఇలా స్టెరాయిడ్‌కి అలవాటుపడి పాడైన మొహాలు ఎంత ఎక్కువయ్యాయంటే, మన దేశపు చర్మవైద్యులు ఆ పరిస్థితికి విడిగా ఒక పేరే పెట్టారు.

ఇంకో సంగతి చెబితే మీకు కష్టంగా ఉంటుంది, కానీ చెప్పాలి. నెలల తరబడి మొహానికి స్టెరాయిడ్ రాస్తే చర్మాన్ని బిగువుగా ఉంచే లోపలి ప్రొటీన్, కొలాజెన్, తగ్గి చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు పైకి తేలతాయి. ముసలితనం తగ్గిద్దామని మొదలైన పని, చర్మానికి వయసు పెంచే దారిలోకి వెళ్లింది. ఇందులో మీ తప్పేం లేదు. మండుతున్న మొహానికి రెండ్రోజుల్లో చల్లదనం ఇచ్చిన దాన్ని ఎవరైనా నమ్ముతారు.

ఇప్పుడు ఆ ట్యూబుని ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఇవాళే మానేయడం. ధైర్యమైన పనే గానీ, మానగానే ఎర్రదనం, మంట, చిన్న చిన్న పొక్కులు ముందుకన్నా ఎక్కువగా తిరగబడతాయి. వారాలు పట్టొచ్చు, కొందరికి నెలలు. అందులోనూ ఇది ఎండాకాలం. చాలామంది ఈ దశలోనే భయపడి మళ్లీ ట్యూబు పట్టుకుంటారు. రెండోది, చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లి, ట్యూబు చూపించి, మెల్లగా తగ్గించుకుంటూ రావడం. స్టెరాయిడ్ బలం తగ్గిస్తూ, అవసరమైతే టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూత మందు ఇస్తారు. కాలం పడుతుంది, నాలుగైదుసార్లు తిరగాల్సి రావచ్చు, కానీ బడికి సెలవు పెట్టకుండా గడిచిపోతుంది. మూడోది మీరు ఉత్తరంలో రాయలేదు, అయినా మనసులో ఉండే ఉంటుంది: పెళ్లయ్యే దాకా ఇదే రాసి, తర్వాత మానేద్దాంలే. ఫొటోలు బాగానే రావచ్చు. కానీ శ్రావణం నాటికి ఏడు నెలల వాడకం అవుతుంది. పలచబడిన చర్మం, పైకి తేలిన నరాలు మానగానే వెనక్కి వెళ్తాయన్న భరోసా లేదు. హైడ్రోక్వినోన్ అదుపు లేకుండా ఎక్కువకాలం వాడితే కొందరిలో నీలినలుపు మచ్చలు పడతాయి, అవి వదిలించడం మహా కష్టం. నేనైతే రెండో దారే పట్టండంటాను. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఉన్న పళాన ఆపకుండా, పరిమాణం పెంచకుండా ఉండండి.

ఇక మీ మొదటి ప్రశ్న. మీది నిజంగా సెన్సిటివ్ స్కిన్ అని ఇప్పుడే ముద్ర వేయలేం. పుల్లటి విటమిన్ సి, గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్ మూడూ ఒకేసారి మొదలుపెడితే ఎవరి మొహమైనా మండుతుంది. ఆ విటమిన్ సి అసలు రూపం లోపలికి దిగాలంటే సీరం పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండాలి, అంటే బాగా ఆమ్లం. టోనర్ ఇంకో ఆమ్లం. రెటినాల్ పైపొరని త్వరగా రాల్చి కొత్తది తెస్తుంది. రక్షణ పొర కుదురుకునే లోపే మూడు వైపుల నుంచీ దెబ్బ.

ఆ పొర గురించి నాలుగు ముక్కలు తెలిస్తే మిగతాదంతా తేలిక. చర్మం పైన కాగితం కన్నా పలచని పొర ఒకటుంటుంది. చచ్చిపోయిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పేర్చిన గోడ. లోపలి తడి బయటికి పోకుండా, బయటి ఘాటు లోపలికి రాకుండా చూసేది అదే. ఆ పొర సహజంగా కాస్త ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మనం వాడే సబ్బు 9, 10 మధ్య ఉంటుంది. సున్నం కరిగిపోయాక, నరాల చివర్లకి ఏది తగిలినా చురుక్కుమంటుంది. నరాల చివర్లలో ఘాటుని పసిగట్టి ఆ చురుకు పుట్టించే గ్రాహకాల్లో ముఖ్యమైనది టీఆర్‌పీవీ1. మిరపకాయలోని కాప్సైసిన్‌కి స్పందించేది కూడా అదే. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడి, ఆమ్లం, మిరప ఘాటు మూడూ ఆ ఒక్క తలుపే తడతాయి. పచ్చళ్ల కోసం ఎండుమిరప దంచిన చేత్తో బుగ్గ ముట్టుకుంటే ఎలా ఉంటుందో, పొర పోయిన మొహానికి గ్లైకాలిక్ టోనర్ అలాగే ఉంటుంది. అది మందు పనిచేస్తున్న గుర్తు అనడానికి ఆధారమేమీ లేదు.

అలాగని మీది సెన్సిటివ్ స్కిన్ కానే కాదని కూడా అనను. మిగతా వాళ్లకి ఏమీ అనిపించని నీళ్లు, గాలి, క్రీములే కొందరికి మంట, దురద, చిమచిమ పుట్టిస్తాయి, పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా. సెన్సిటివ్ స్కిన్ అనేది దాన్నే. మొదట ట్యూబు వదిలి, రెండు మూడు నెలలు మామూలు మాయిశ్చరైజర్‌తో గడిపాక కూడా అలాగే ఉంటే అప్పుడు ఆ పేరు పెట్టుకుందాం.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన జుట్టు రంగు మీద నాకు గట్టి అనుమానముంది. వేసిన రెండు రోజులూ నుదుటి అంచున దురద అన్నారు. నల్లరంగు డైలలో ఉండే పీపీడీ అనే పదార్థం మన దేశంలో అలర్జీకి పెద్ద కారణాల్లో ఒకటి. దురద నుదురు, చెవులు, మెడ, కనురెప్పల దగ్గర మొదలవుతుంది. మన చర్మం రంగులో అది ఎర్రగా కనబడకపోవచ్చు, సరాసరి బూడిదరంగు నలుపుగా తేలొచ్చు. మీ టీ రంగు మరకల్లో మంగు ఎంత, డై అలర్జీ ఎంత, ట్యూబు చేసినదెంత అన్నది చూస్తే తప్ప చెప్పలేం. "అమ్మోనియా లేదు" అని డబ్బా మీద రాసి ఉంటే పీపీడీ కూడా లేదని కాదు. బ్లాక్ హెన్నా పేరుతో అమ్మే పొడుల్లో కూడా అది ఉంటుంది. డాక్టరుకి ఈ సంగతి ముందే చెప్పండి. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత, మళ్లీ నాలుగో రోజు చూసే ప్యాచ్ టెస్ట్ ఒకటుంది. కుంకుమ, స్టిక్కర్ బొట్టు జిగురు, సెంటు వీటికి కూడా అందులోనే తేలుతుంది. పరీక్ష దాకా డై ఆపితే మంచిది. తెల్లజుట్టు రెండు నెలలు కనబడుతుంది, అది మీకు ఇబ్బందే, నాకు తెలుసు. కానీ అసలు కారణం డై అయితే, మొహానికి ఎన్ని వేల రూపాయల సీరం రాసినా వృథా.

మొహానికి వచ్చే ఆవిర్లు కూడా చెప్పండి. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి ఆవిర్లు వస్తాయి, చర్మం పొడిబారుతుంది. నెలసరి ఆగాక మొదటి 5 ఏళ్లలో చర్మం కొలాజెన్ సుమారు 30 శాతం దాకా తగ్గుతుందని లెక్క. "ఒక్కసారిగా పెద్దదానివైపోయావు" అన్న మీ ఆడపడుచు కన్ను తప్పేం కాదన్నమాట, నోరే కాస్త దురుసు. అయితే ఎండకి, పొయ్యి సెగకి, కారానికి కూడా బుగ్గలు ఎర్రబడుతుంటే మొహం తరచూ ఎర్రబడే రొజేసియా అనే చర్మ జబ్బు అయి ఉండొచ్చు. మన రంగులో దాన్ని గుర్తుపట్టడం తక్కువ. దానికి వైద్యం వేరు.

ఇవన్నీ ఎందుకింతగా చెబుతున్నానంటే, యాంటీ ఏజింగ్ సైన్సులో ఎక్కువ భాగం తెల్లవాళ్ల చర్మం మీద రాసుకున్నది. వాళ్లకి ఎండ వల్ల ముడతలు త్వరగా పడతాయి. గోధుమరంగు, చామనఛాయ చర్మాల్లో ముడతలు ఆలస్యం, రంగు తేడాలు ముందు. ఇంకా ముఖ్యమైనది, మన చర్మంలో ఏ వాపు వచ్చినా పోతూ పోతూ నల్ల మచ్చ వదిలి పోతుంది. కాబట్టి "కొన్నాళ్లు మండినా పర్లేదు" అన్న సలహా డాలస్‌లో ఒక తెల్లావిడకి చెల్లినంత సులువుగా మీకు చెల్లదు. ఆమెకి రెండు వారాల ఎర్రదనం, మీకు ఆరునెలల మరక.

అందుకే మీ వరసలో మొదటిది ఎండ. ఇందులో ఊహాగానం లేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నాంబూర్‌లో 1992 నుంచి 1996 దాకా ఒక పరిశోధన జరిగింది. 55 ఏళ్ల లోపు 903 మందిలో కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, మిగతావాళ్లని మీ ఇష్టమన్నారు. నాలుగున్నరేళ్ల తర్వాత చేతి వెనక చర్మం అచ్చు తీసి పోల్చారు. రోజూ రాసినవాళ్ల చర్మంలో వయసు ఛాయ గుర్తించదగ్గంతగా పెరగలేదు. లెక్కగడితే, రెండో గుంపుతో పోలిస్తే వాళ్లలో ఆ పెరుగుదల 24 శాతం తక్కువ. 2013లో అచ్చయిన ఈ ఫలితం వచ్చింది ఎస్‌పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 16 ఉన్న క్రీముతో, అదేం మహా ఖరీదైనది కాదు. వాళ్లది తెల్ల చర్మమే, నిజమే. కానీ మంగుని రెచ్చగొట్టేది ఎండే కాబట్టి మనకి లాభం ఇంకో రూపంలో ఉంటుంది.

మన దగ్గర వేసవి మధ్యాహ్నం ఎండలోని హానికర కిరణాల తీవ్రత చెప్పే అతినీలలోహిత సూచీ 11 దాటడం మామూలే. మీ 12 కిలోమీటర్ల దారిలో ఎండ మొహానికే కొడుతుంది. చున్నీ చుట్టుకుంటానన్నారు, మంచిదే. పలచటి షిఫాన్ కన్నా నేత దగ్గరగా ఉన్న ముదురు రంగు నూలు గుడ్డ మేలు. మొహమంతా కప్పే హెల్మెట్ అద్దం దించుకుంటే ఇంకా మేలు, తలకీ రక్ష. సన్‌స్క్రీన్లలో చాలావాటిలో ఉండే రసాయన ఫిల్టర్లు కొందరికి కళ్లు, బుగ్గలు మండిస్తాయి. మీకు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి నప్పే అవకాశం ఎక్కువ. అవి మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయని చాలామంది వదిలేస్తారు. చర్మం రంగు కలిపిన టింటెడ్ రకం తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురుని కూడా కొంత ఆపుతుంది, మంగు మచ్చలకి ఆ వెలుతురు కూడా శత్రువే. ఎస్‌పీఎఫ్ 30 చాలు, డబ్బా మీద పీఏ (యూవీఏ కిరణాల నుంచి రక్షణ గుర్తు) పక్కన ప్లస్సులు మూడో నాలుగో ఉండేలా చూసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకి సరిపోతుంది. మనలో చాలామంది ఇందులో సగం కూడా రాయం, డబ్బా మీది అంకె మాత్రం పూర్తిగా నమ్ముతాం. ఇంటర్వెల్‌లో ఇంకోసారి రాస్తే మధ్యాహ్నం ప్రయాణానికి అండగా ఉంటుంది.

సీసాలు పారేయకండి, మూతలు బిగించి పెట్టండి. రెటినాల్ గాలికి, వెలుతురుకి పాడవుతుంది కాబట్టి సీసా చీకట్లో ఉండాలి. విటమిన్ సి ముదురు గోధుమరంగుకి తిరిగి ఉంటే మాత్రం దాని పని అయిపోయింది.

మళ్లీ రెటినాయిడ్ల, అంటే రెటినాల్, ట్రెటినాయిన్ జాతి మందుల జోలికి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. ముడతల మీద పనిచేస్తుందని గట్టి రుజువున్న పూత మందుల్లో అదే పెద్దది. ట్రెటినాయిన్ అమెరికాలో 1971లో మొటిమల మందుగా వచ్చింది. వాడిన వాళ్లలో కాస్త వయసైన ఆడవాళ్లు చర్మం నున్నబడిందని చెప్పసాగారు. ఎండకి పాడైన చర్మం మీద దాని ప్రభావాన్ని 1986లో క్లిగ్మనే అచ్చువేశాడు. (ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల మీద ప్రయోగాలు చేసి అపఖ్యాతి తెచ్చుకున్న మనిషీ ఆయనే. సైన్సు చరిత్రలో ఇలాంటి ముళ్లు చాలా ఉన్నాయి.) ఇది కొత్త కొలాజెన్ పుట్టిస్తుంది, ఉన్న కొలాజెన్‌ని ఎండ దెబ్బకి కోసే ఎంజైముల్ని తగ్గిస్తుంది. మీకు పనికొచ్చే అసలు ముక్క 1995లో వచ్చిన ఒక పరిశోధన. 0.1 శాతం ట్రెటినాయిన్, 0.025 శాతం ట్రెటినాయిన్ రెండిటినీ 48 వారాలు వాడించి చూస్తే ఫలితం దాదాపు ఒకటే, ఎర్రదనం, పొట్టు మాత్రం పలచటి దానితో చాలా తక్కువ. ఎక్కువ మండితే ఎక్కువ లాభం అన్న లెక్క అక్కడే తప్పింది.

కాబట్టి మొహం పూర్తిగా కుదుటపడ్డాక, డాక్టరు సరేనన్నాక, వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత, మొహం ఆరాక, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద. నెల గడిచాక మూడు రాత్రులు. మండితే వెనక్కి రండి, ఓర్చుకోనక్కర్లేదు. తేడా తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటే శ్రావణానికి ఇది అందదు, దీపావళి దాటాక చూసుకోవాల్సిన సంగతి. మీ అమ్మాయికి కూడా ఒక మాట చెప్పండి. గర్భం కోసం చూస్తున్నప్పుడు, గర్భంలో ఈ రెటినాయిడ్లు పూర్తిగా మానాలి. ఇంటికొచ్చే కోడలికి కూడా ఇదే.

అంత ఓపిక లేదంటే నయాసినమైడ్ ఉంది, విటమిన్ బి3. 5 శాతం క్రీముతో 12 వారాల్లో సన్నగీతలు, మచ్చలు కొంత తగ్గాయని 2005లో ఒక పరిశోధన చూపించింది. ఫలితం ఓ మోస్తరే గానీ సౌమ్యమైనది, రక్షణ పొరకి కూడా మేలు చేస్తుంది. పెళ్లి లోపు మీ మొహానికి ఏదైనా కొత్తగా తగలాలంటే నేను ముందు దీన్నే రానిస్తాను, అదీ ట్యూబు గొడవ సద్దుమణిగాక.

బావంచాల మాట. మీ అత్తగారు గాలికి చెప్పలేదు. ఆ గింజల్లోని బాకుచియోల్ అనే పదార్థాన్ని వేరుచేసి, 44 మంది మీద 12 వారాలు రెటినాల్‌తో పోల్చి చూశారు, 2019లో అచ్చయింది. ముడతలు, మచ్చలు రెండిటితోనూ దాదాపు ఒకేలా తగ్గాయి, పొట్టు, మంట రెటినాల్ వాళ్లకే ఎక్కువ. పరిశోధన చిన్నది, అయినా ఆశ కలిగించేదే. కానీ నూరిన గింజలో బాకుచియోల్‌తో పాటు సోరలెన్ కూడా ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, బొబ్బలెక్కి నల్లబడుతుంది. బొల్లి వైద్యంలో దాన్ని ఆ గుణం కోసమే లెక్కపెట్టి వాడతారు. స్కూటీ మీద వెళ్లే మీకు ముద్ద వద్దు. బాకుచియోల్ క్రీము అయితే తర్వాత ఎప్పుడైనా ప్రయత్నించొచ్చు. నిమ్మరసం, సున్నిపిండి రుద్దడం కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

పార్లర్ పీల్ గురించి ఎక్కువ చెప్పను. స్టెరాయిడ్‌తో పలచబడిన చామనఛాయ మొహానికి, డాక్టరు కానివాళ్ల చేత ఆమ్లం పూయించుకోవడం మరకలకి ఆహ్వానం. అంతకన్నా, నుదుటి గీతలే మిమ్మల్ని బాధపెడుతుంటే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి చర్మవైద్యుణ్ని అడగడం నయం. అది కింద కండరంలో పనిచేస్తుంది, సెన్సిటివ్ పైపొరతో దానికి పని తక్కువ. వారం, రెండు వారాల్లో తెలుస్తుంది, మూడు నాలుగు నెలలే ఉంటుంది, ఖర్చెక్కువ, మరకల్ని అది ముట్టదు. చేయించుకోమనడం లేదు, ఉందని చెబుతున్నాను. కొలాజెన్ క్రీములకి మాత్రం డబ్బు తగలేయకండి. కొలాజెన్ అణువు చాలా పెద్దది, పైపొర దాటదు, రాసినంతసేపు తడిగా ఉంచుతుంది, ఆ పని గ్లిజరిన్ కూడా చేస్తుంది. "సెన్సిటివ్ స్కిన్ కోసం", "హైపోఅలర్జెనిక్" అన్న మాటల్ని చూసి కూడా మురిసిపోవద్దు. అమెరికాలోనే హైపోఅలర్జెనిక్ అనడానికి చట్టపరమైన కొలత లేదు. వెనక సన్నక్షరాల్లో సువాసన లేనిదా కాదా అన్నదే చూడండి. కొత్తది ఏది కొన్నా మోచేయి మడత దగ్గర వారం రోజులు రెండుపూటలా రాసి చూశాకే మొహానికి.

ఇంట్లో వాళ్ల సంగతి. మీ అమ్మాయికి నిజం చెప్పండి. "నువ్వు పంపినవి మంచివే, మూడూ ఒకేసారి రాయడం నాకు పడలేదు, రెటినాల్ దాచిపెట్టాను, దీపావళికి మొదలుపెడతా" అంటే ఆ పిల్ల నొచ్చుకోదు. దాచి, అన్నీ వాడుతున్నానని చెబితే ఇంకో నాలుగు సీసాలు వస్తాయి. మీవారి మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆయన బహుశా మీరు మండే మొహంతో పడుకోవడం చూసి అని ఉంటారు. ఆ ట్యూబు సంగతి, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సంగతి ఆయనకి చెప్పి చూడండి. "ఎందుకు" అన్న మనిషే "ఎప్పుడు వెళ్దాం" అనొచ్చు. అసలు ఇవేవీ వద్దనుకుని, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌తో ఆగిపోతానన్నా అది పూర్తి వైద్యమే.

పెళ్లికి లెక్క ఇలా వేసుకోండి. ఈ వారమే ట్యూబు, డై డబ్బా, మూడు సీసాలు ఒక సంచిలో వేసుకుని చర్మవైద్యుడి దగ్గరికి. ఆషాఢం వచ్చేసరికి మంట తగ్గి, మొహం మామూలు నీళ్లకి ఓర్చుకునే స్థితికి రావాలి, మరకలు ఇంకా ఉంటాయి. పెళ్లికి నెల ముందు నుంచి కొత్త క్రీము, ఫేషియల్, బ్లీచ్ ఏదీ వద్దు, ఎవరు ఉచితంగా చేస్తామన్నా సరే. మేకప్ అమ్మాయిని కుదుర్చుకుంటే ఆమె వాడే ఫౌండేషన్ చుక్క చెవి వెనక రాయించుకుని రెండు రోజులు చూడండి, అప్పుడే అడ్వాన్సు ఇవ్వండి. మంగళస్నానాల నాడు నలుగు పెట్టేటప్పుడు చేతులకి, కాళ్లకి ఎంత కావాలంటే అంత పెట్టించుకోండి. మొహానికి మాత్రం ముత్తైదువల చేత పసుపు వేలితో తాకించుకుంటే చాలు, రుద్దనివ్వకండి. ముఖ్యంగా మీ ఆడపడుచుని.